ఊరికే చూసొద్దామని

సాలూరు నుంచి ఒక చెల్లెలు ఉత్తరం రాసింది. ఆరు పేజీలు. మొదటి ఐదు పేజీలూ చదివితే ఏదో పెద్ద కష్టమే వచ్చిపడిందనిపించింది. ఆరో పేజీలో అసలు సంగతి బయటపెట్టింది. తనూ, ఇంటర్లో కలిసి చదువుకున్న మరో ముగ్గురూ బ్యాంకాక్ వెళ్ళి రావాలనుకుంటున్నారట. టూరు కంపెనీ వాళ్ళతో కాదు. వీపుకో సంచీ తగిలించుకుని, చవక బసలో దిగి, దొరికింది తిని, వారం రోజులు తిరిగి రావాలని. ఎవరి డబ్బు వాళ్ళదే. అందరికీ నలభై దాటాయి, పిల్లలు చేతికి అందొచ్చారు. ఇంట్లో ఎవరూ వద్దనలేదట. "ఎందుకు?" అని మాత్రం అడిగారట. అత్తగారు అడిగారు, ఆడపడుచు అడిగింది, పక్కింటావిడ అడిగింది, ఆఖరికి పాలు పోసే అతను కూడా అడిగాడట. "ఏం కారణం చెప్పమంటారు మేడమ్?" అని ఉత్తరం ముగించింది.

చదివి నవ్వుకున్నాను. ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. 2019లో ఇదే ప్రశ్నకి నేనూ ఒక అబద్ధం చెప్పి ఇల్లు కదిలినదాన్నే.

సముద్రం దాటడం మన శ్రీకాకుళం, విజయనగరం వాళ్ళకి కొత్తేం కాదు. కళింగపట్నం, బారువ, భీమునిపట్నం రేవుల్లో స్టీమరెక్కి రంగూన్ వెళ్ళిన వాళ్ళు మన తాతల కాలంలో వేలల్లో ఉన్నారు. "రంగం ఎల్లాడు" అనేవారు. వెళ్ళింది ఎక్కువగా మగవాళ్ళు. ఆడవాళ్ళు రేవు దాకా వెళ్ళి వెనక్కొచ్చేవారు. ఇప్పటికీ మన తీరం మత్స్యకారులు బతుకుతెరువుకి గుజరాత్ వేరావల్ దాకా పోతున్నారు. 2018 నవంబరులో అలా వెళ్ళిన మన వాళ్ళు సరిహద్దు దాటారని పాకిస్తాన్ పట్టుకుపోయింది. 2020 జనవరిలో విడుదలై వచ్చేదాకా ఎచ్చెర్ల మండలం డి.మత్స్యలేశంలో ఆడవాళ్ళు తిరగని ఆఫీసు లేదు. పరదేశం అంటే మన పల్లెల్లో చాలామంది ఆడవాళ్ళకి ఇదే అర్థం: ఇంట్లో మనిషి ఎక్కడున్నాడో, ఎప్పుడొస్తాడో తెలియకపోవడం.

మరి ఆడవాళ్ళు విదేశాలకి వెళ్ళలేదా అంటే, వెళ్ళారు. గోదావరి జిల్లాల నుంచి, కడప వైపు నుంచి కువైట్ వెళ్ళి పరాయి ఇళ్ళలో అంట్లు తోమి పిల్లల్ని చదివించుకున్న తల్లులున్నారు. ఇక మన పట్నాల్లో అయితే అమెరికా ప్రయాణమంటే పురిటి ప్రయాణమే కదూ! కూతురికి నెలలు నిండగానే ఆవకాయా, కరివేపాకు పొడీ, పసిబిడ్డకి నలుగుపిండీ కట్టుకుని విమానమెక్కుతాం. ఆరు నెలలు కూతురి వంటింట్లో గడిపి, ఒక ఆదివారం ఏదో జలపాతం ముందు నిలబడి ఫోటో తీయించుకుని వస్తాం. "అమెరికా ఎలా ఉంది వదినా?" అని అడిగితే డిష్‌వాషర్ గురించి చెబుతాం. తప్పనడం లేదు, నేనూ వెళ్ళొచ్చాను. చెప్పొచ్చేదేమిటంటే ఆడది గడప దాటాలంటే పనో, పురుడో, పుణ్యమో ఏదో ఒకటి ఉండాలి. మూడూ లేకపోతే "ఎందుకు?" అంటారు.

మేం పుణ్యాన్ని పట్టుకున్నాం.

మేమంటే నలుగురం. విజయనగరంలో మహారాజా మహిళా కళాశాలలో చదివేటప్పుడు ఒకే గదిలో ఉన్నవాళ్ళం. అప్పట్లో ఒకరినొకరం ఊళ్ళ పేర్లతో పిలుచుకునేవాళ్ళం, ఇప్పటికీ అంతే. బొబ్బిలి లెక్కల టీచరు. పాలకొండ ఇంటి మనిషి, వాళ్ళాయనకి శ్రీకాకుళంలో మందుల షాపు. టెక్కలికి డిగ్రీ రెండో ఏడాదిలో పెళ్ళయి చదువు ఆగిపోయింది, అంగన్‌వాడీ కార్యకర్త. నేను చీపురుపల్లి. విజయనగరం కోడలినై ముప్పై ఏళ్ళు కావస్తున్నా వాళ్ళకి నేను చీపురుపల్లినే.

ఎప్పటికైనా నలుగురం కలిసి ఒక దేశం చూడాలని ఆ రోజుల్లోనే అనుకున్నాం. ఏ దేశమో అనుకోలేదు. పాతికేళ్ళు గడిచాక పాలకొండ మళ్ళీ ఆ మాటెత్తి సింగపూర్ అంది. టెక్కలి ఏమీ అనలేదు. ఆమె ఏమీ అనకపోవడంలోనే మాకు సంగతి అర్థమైంది. అప్పుడు బొబ్బిలి కాగితం పెన్సిలూ తీసి, నెలకి మనిషికి వెయ్యి చొప్పున పన్నెండు నెలలు దాస్తే పన్నెండు వేలు, ఆ పన్నెండు వేలలో ఏ దేశం వస్తే ఆ దేశమే మన దేశం అని తీర్మానించింది. చవక ప్రయాణం ఫ్యాషన్ కోసం చేసేది కాదమ్మా. నలుగురిలో తక్కువ ఉన్న మనిషి తల దించుకోకుండా రాగలిగే ఖర్చు ఎంతో, అదే ప్రయాణం ఖర్చు. ఈ ఒక్క లెక్క సరిగ్గా వేసుకోక విడిపోయిన స్నేహాలు నాకు తెలుసు.

2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలమట్టమైన సంగతి మీకు చెప్పక్కర్లేదు. టెక్కలి ఇంటి వంటగది పైరేకులు లేచిపోయాయి. ఆ నెల డబ్బు కట్టొద్దనీ, ప్రయాణం వచ్చే ఏడాదికి వాయిదా వేద్దామనీ అన్నాం. "రేకులు పోతే ఇది కూడా పోవాలేటి?" అని వెయ్యి పంపించేసింది.

పన్నెండు వేలకి నేపాల్ వచ్చింది. 1950 నాటి ఒప్పందం ప్రకారం మనకి నేపాల్ వెళ్ళడానికి వీసా అక్కర్లేదు. పాస్‌పోర్టు లేకపోయినా ఓటరు కార్డు ఉంటే చాలు. మా నలుగురిలో పాస్‌పోర్టు ఉన్నది నాకొక్కదానికే, అదీ పురిటి పాస్‌పోర్టే. మిగతా ముగ్గురూ ఓటరు కార్డులు వెతుక్కున్నారు. పాలకొండ కార్డు వాళ్ళాయన బీరువాలో, ఆయన ఎల్‌ఐసీ కాగితాల మధ్య దొరికింది. కార్డు మీద బొమ్మ తనదే, కింద పేరు ఆయనది, తాళం ఆయన దగ్గర!

ఇంట్లో ఏం చెప్పాలి? అందరం కూడబలుక్కుని పశుపతినాథుడి దర్శనం అన్నాం. అంతే, అడ్డు చెప్పిన వాళ్ళు లేరు. కాశీ, గయ, ప్రయాగ, వీలైతే ముక్తినాథ్ అని మన వైపు పెద్దవాళ్ళు బస్సు కట్టించుకుని వెళ్ళి రావడం ఎప్పటి నుంచో ఉంది. మా అత్తగారైతే నా చేతిలో నూట పదహార్లు పెట్టి, "నా పేరున కూడా ఒక పూజ సేయించమ్మా" అన్నారు. ఆ డబ్బు తీసుకుంటుంటే నాకు చెయ్యి వణికింది. దేవుడి మీద భక్తి లేక కాదు. ఆయన్ని సాకుగా వాడుకుంటున్నాననీ, ఆ ముసలావిడ నమ్మేస్తోందనీ.

ఓట్ల లెక్కింపు అయిపోయి, బళ్ళు తెరవడానికి ఇంకా రెండు వారాలుండగా, మే నెలాఖరులో ఈస్ట్ కోస్ట్ ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. నేనూ బొబ్బిలీ విజయనగరంలో, పాలకొండ ఆమదాలవలసలో, టెక్కలి పలాసలో. వాళ్ళబ్బాయి కాలేజీ బ్యాగు ఒకరిది, ఎన్‌సీసీ నాటి సంచీ ఒకరిది. టెక్కలి బియ్యం సంచీకి పట్టీలు కుట్టించుకుని వచ్చింది. నలుగురిలో గట్టిది అదే అని తరవాత తేలింది. హౌరాలో దిగి, మధ్యాహ్నం మిథిలా ఎక్స్‌ప్రెస్ ఎక్కి, ఇల్లు వదిలిన మూడో రోజు పొద్దున బీహార్ చివర రక్సౌల్లో దిగాం. అక్కడి నుంచి మొదలైంది మా విదేశం మొదటి రోజు.

స్టేషన్ బయట జట్కాలు! మా చిన్నప్పుడు విజయనగరం వీధుల్లో ఎక్కిన జట్కా లాంటిదే. బేరం టెక్కలి ఆడింది. తనకి హిందీ రాదు, ఆ బండివాడికి తెలుగు రాదు, అయినా సగానికి తెగ్గొట్టింది. బండి లారీల వరస పక్కనుంచి కదిలింది. నేను నా చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని జవాబులు వల్లె వేసుకుంటున్నాను. ఎక్కడి నుంచి, ఎందుకు, ఎన్నాళ్ళు, వెంట మగవాళ్ళెవరు. బొబ్బిలి నాలుగు కార్డులూ, వాటి జిరాక్సులూ ఫైల్లో పెట్టుకుని హాల్ టికెట్టు పట్టుకున్న పిల్లలా బిగుసుకుని కూచుంది. ఒక చిన్న వంతెన దాటాం. కింద మురికిగా సిర్సియా ఏరు. ఖాకీ బట్టలు పోయి ఇంకో రంగు బట్టల పోలీసులు కనిపించారు. ఎదురుగా పెద్ద ద్వారం. ఇదే బీర్‌గంజ్ అన్నాడు బండివాడు.

"చెకింగ్ ఎక్కడ?" అంది బొబ్బిలి.

చెకింగ్ లేదు. ఎవరూ మమ్మల్ని ఆపలేదు. సైకిళ్ళ మీద కూరగాయల వాళ్ళు, బడిపిల్లలు, ఎద్దుబండి, వాళ్ళతో పాటు మేమూ దాటిపోయాం. ఎందుకు వచ్చారని ఒక్క మనిషి అడగలేదు. ఇంట్లో, వీధిలో, స్కూల్లో, చుట్టాల్లో నెల రోజుల పాటు ఎంతమందికి జవాబు చెప్పుకున్నామో! దేశం సరిహద్దులో మాత్రం అడిగే దిక్కు లేదు. బొబ్బిలికి కోపమొచ్చింది. "ఇంత కష్టపడి జిరాక్సులు తీయిస్తే ఒక్కడూ చూడడేంటే!" అంది. టెక్కలి పడీ పడీ నవ్వింది. పాలకొండ మాత్రం వెనక్కి తిరిగి ఆ వంతెన వంకే చూస్తూ, "ఇంతేనా?" అంది మెల్లిగా.

విదేశం చూడ్డానికి అచ్చం రక్సౌల్లాగే ఉంది. అవే కొట్లు, అవే ఈగలు, అదే భోజ్‌పురి. తేడా గోడ మీది క్యాలెండర్లో కనిపించింది. అందులో 2076 అని ఉంది. వాళ్ళు లెక్కించేది విక్రమ శకం. ఒక్క వంతెనకే యాభై ఏడేళ్ళు ముసలివాళ్ళమైపోయామని బొబ్బిలి లెక్క కట్టింది. గడియారం కూడా పావుగంట ముందుకి తిప్పుకోవాలి. మన వంద రూపాయలకి వాళ్ళవి నూట అరవై. 1993 నుంచీ ఇదే రేటు. అప్పట్లో వంద రూపాయలకి మించిన మన నోట్లు అక్కడ చెల్లవని నిషేధం ఉండేది. అందుకని డబ్బంతా వందల్లోనే తీసుకెళ్ళాం. నలుగురి జాకెట్లూ, సంచీ అడుగులూ వంద నోట్ల కట్టలతో ఉబ్బిపోయాయి. (నోట్ల నిబంధన ఇప్పుడెలా ఉందో వెళ్ళేముందు బ్యాంకులో అడగండి. అలాగే నేపాల్‌కి ఆధార్‌ని నమ్ముకుని బయల్దేరకండి. పదిహేనేళ్ళ లోపు, అరవై అయిదు దాటిన వాళ్ళకి తప్ప అది పనికిరాదు. పాస్‌పోర్టో, ఓటరు కార్డో తప్పనిసరి.)

ఖాట్మండుకి షేర్ సుమో మాట్లాడుకున్నాం, మనిషికి ఆరువందల నేపాలీ రూపాయలు. వెనక సీట్లో నలుగురం ఇరుక్కున్నాం. ముందు ఎవరో మగవాళ్ళు. డ్రైవరు కుర్రాడు, కళ్ళద్దాలు, పెద్ద గొంతుతో పాటలు. నిజం చెప్పాలంటే నాకు భయమేసింది. తెలియని రోడ్డు, తెలియని మనుషులు. దారిలో కనబడే ప్రతి బోర్డూ చదివి మనసులో పెట్టుకుంటున్నాను, పథ్లైయా, హెటౌడా అని. ఫోన్ తీసి ఇంటికి చెబుదామని చూస్తే సిగ్నల్ లేదు. మా నలుగురి సిమ్ములూ సరిహద్దు దాటగానే చచ్చిపోయాయి. ఈ సంగతి ముందే తెలుసుకోవాల్సింది, తెలుసుకోలేదు. చదువుకున్నవాళ్ళం, నలుగురికి చెప్పేవాళ్ళం, అయినా అంతే.

మొదటి గంట నలుగురికీ ప్రాణం కుదుటపడలేదు. పాలకొండ పది నిమిషాలకోసారి ఫోన్ ఆపి మళ్ళీ వేసేది. "గ్యాసు అయిపోతే రెండో బండ మంచం కింద ఉందని చెప్పలేదే" అంది. బొబ్బిలికి మామగారి బీపీ మాత్ర గుర్తొచ్చింది. రెండో గంటకి ఘాట్ మొదలైంది. మలుపు మీద మలుపు, కింద లోయ, పైన మబ్బు. మాటలు తగ్గాయి. పాలకొండకి కడుపులో తిప్పి డోకు. అప్పటిదాకా నేను భయపడుతూ చూసిన డ్రైవరు కుర్రాడు బండి ఆపి, నీళ్ళ సీసా ఇచ్చి, "దీదీ, ఆప్ ఆగే బైఠో" అని ముందు సీటులో మగమనిషిని లేపి ఆమెని కూచోబెట్టాడు. దీంతో మగవాళ్ళందరూ మంచివాళ్ళని నేను చెప్పబోవడం లేదు. భయం ఉండాలి, జాగ్రత్త ఉండాలి. చీకటి పడ్డాక కొత్త ఊళ్ళో దిగకూడదనీ, నలుగురిలో ఏ ఇద్దరూ విడిపోకూడదనీ మేం పెట్టుకున్న రెండు నియమాలూ చివరిదాకా తప్పలేదు. కాకపోతే, భయపడాల్సిన చోట భయపడాలి గానీ, భయమే ఇంట్లో కూచోడానికి కారణమైతే మన ఊరి బస్టాండుకి కూడా వెళ్ళలేం.

భీమ్‌ఫేదీ దగ్గర భోజనానికి ఆపారు. రేకుల పాక, కట్టెల పొయ్యి, నడిపేది ఒక ఆడమనిషి. కంచుపళ్ళెంలో అన్నం, గిన్నెలో పప్పు, ఆకుకూర, బంగాళాదుంప, ముల్లంగి పచ్చడి. నేపాల్లో డాల్‌భాత్ తినేవాళ్ళకి అన్నం, పప్పు మళ్ళీ మళ్ళీ వడ్డిస్తారు, దానికి వేరే డబ్బు లేదు. ఆవిడ మా వెనకే నిలబడి, పళ్ళెం ఖాళీ అయితే చాలు గరిట వంచేస్తోంది. టెక్కలి మూడోసారి వేయించుకుంటూ ఆగింది. "రోజూ ముప్పై మంది పిల్లలకి వడ్డించి, ఆళ్ళు తిన్నాక మిగిలింది తింటాను. నాకెవరైనా ఇలా నిలబడి వడ్డించి ఎన్నాళ్ళయిందో" అంది. మేం మాట్లాడలేదు. ఆలోచిస్తే నాకూ పెళ్ళిళ్ళలో తప్ప గుర్తు లేదు.

ఆవిడ హిందీలో అడిగింది, మీ మగవాళ్ళు ఎక్కడని. ఇళ్ళ దగ్గర ఉన్నారన్నాను. ఆశ్చర్యంగా చూసింది. వాళ్ళాయన ఖతార్‌లో ఉన్నాడట, కొడుకు మలేషియాలో. మగవాళ్ళు పరదేశంలో, తను ఇంటి దగ్గర. "మీది ఉల్టా" అని నవ్వింది. ఆ మాటకి మేమూ నవ్వాం గానీ, మత్స్యలేశం ఆడవాళ్ళు నాకు గుర్తొచ్చారు. మేం పప్పన్నం తింటున్న ఆ పూటకి వాళ్ళ మనుషులు ఇంకా పాకిస్తాన్ జైల్లోనే ఉన్నారు. సరదాకి దేశం దాటిన నాకు ఆ ముద్ద కాసేపు గొంతు దిగలేదు. దానికి సమాధానం నా దగ్గర ఇప్పటికీ లేదు. వాళ్ళు దుఃఖంలో ఉన్నారని నేను ఇంట్లో కూచున్నా వాళ్ళకి ఒరిగేదేం లేదని తెలుసు. అయినా ముద్ద దిగలేదు.

కులేఖానీ జలాశయం పక్కనుంచి, కొండలు దిగి, సాయంత్రం అయిదింటికి ఖాట్మండు చేరాం. థమేల్లో నాలుగు పక్కల గది, ఒక్కో పక్క అయిదు వందల నేపాలీ రూపాయలు, అంటే మన మూడు వందల పన్నెండున్నర. పక్కలంటే రైల్లో బెర్తుల్లాగా కిందొకటి, పైనొకటి. పైకెక్కడానికి ఇనుప నిచ్చెన. మాకు మోకాళ్ళ నొప్పులు. బాత్రూము నడవా చివర, అందరికీ ఒకటే. పాలకొండ చూసి వెనక్కి తగ్గింది. పక్క సందులో మంచి హోటల్ ఉందనీ, బాత్రూము గదిలోనే ఉంటుందనీ, టెక్కలి వాటా తను కడతాననీ అంది. మంచి మనసుతోనే అంది. టెక్కలి బియ్యం సంచీ భుజాన వేసుకుని నిచ్చెన దగ్గరికి నడిచింది. "నా వాటా నేను కట్టుకోనేని చోట నాకు నిద్ర పట్టదు. మీరెల్లండి, పొద్దున్నే కలుద్దాం" అంది. కోపంగా కాదు, మామూలుగానే.

నలుగురం అక్కడే పడుకున్నాం. పాలకొండ పై బెర్తు ఎక్కుతూ రెండుసార్లు జారింది, మూడోసారి ఎక్కి అక్కడి నుంచి మమ్మల్ని చూస్తూ చిన్నపిల్లలా చేతులూపింది. అయితే అది రాత్రి మాట. దానికి ముందు సాయంత్రం ఉంది.

సిమ్ కార్డు కొన్నాం. అక్కడా ఫోటో, గుర్తింపు కార్డు జిరాక్సు అడిగారు. బొబ్బిలి ముఖం వెలిగిపోయింది! ఒక్క సిమ్ము, నలుగురం వరసగా మాట్లాడాలి. మొదట పాలకొండ. పొద్దుటి నుంచి ఫోన్ లేదు కదా, ఇంట్లో అల్లాడిపోతుంటారని చేతులు వణుకుతూ నంబరు నొక్కింది. వాళ్ళాయన, "ఆ, చేరారా? మంచిది. ఇక్కడ అంతా బాగానే ఉంది. పిల్లాడూ నేనూ ఉప్మా చేసుకున్నాం. డబ్బులు దండగ, పెట్టేయ్" అన్నాడు. ఫోన్ పెట్టేసి ఆమె కళ్ళు తుడుచుకుంది. "గ్యాసు గురించి కూడా అడగలేదే" అంది.

చూశారూ, ఇది ఎవరూ మనకి చెప్పని సంగతి. మనల్ని కట్టేసిన తాడు రెండో కొస మన చేతిలోనే ఉంటుంది. మనం లేకపోతే ఇల్లు గడవదని మనం అనుకోవడంలో ఒక సుఖం ఉంది. ఇల్లు గడిచిపోయిందని తెలిస్తే సంతోషం కంటే ముందు చిన్న దెబ్బ తగులుతుంది. పాలకొండకి ఆ దెబ్బ తగిలింది. అరగంట తరవాత ఆమే, "ఉప్మా చెయ్యడం వచ్చన్నమాట ఆయనకి. ఇరవై ఆరేళ్ళు చెప్పలేదు చూడు" అంది. ఆ గొంతులో ఏడుపు లేదు.

పశుపతినాథ్ గుడికి ఆ సాయంత్రమే వెళ్ళాలని అనుకున్నాం. వెళ్ళలేకపోయాం. ఒళ్ళు హూనం. పొద్దున్నే వెళ్దామని, నడుచుకుంటూ అసన్ బజారు మీదుగా బసంతపూర్ దర్బార్ చౌకుకి పోయాం. మన దగ్గరి దేశాల వాళ్ళకి నూట యాభై టికెట్టు. 2015 ఏప్రిల్ 25 భూకంపంలో అక్కడి గుళ్ళు చాలా కూలిపోయాయి. ఆ దేశంలో దాదాపు తొమ్మిది వేల మంది పోయారు. నాలుగేళ్ళయినా గోడలకి కర్రలు ఆనించే ఉన్నాయి. ఖాట్మండుకి పేరిచ్చిన కాష్ఠమండపాన్ని మళ్ళీ కడుతున్నారు. ఒక కూలిన గుడి తాలూకు ఎత్తరుగు మిగిలి ఉంటే దాని మెట్ల మీద ఊళ్ళో వాళ్ళు కూచుని కబుర్లు చెప్పుకుంటున్నారు. మేమూ కూచున్నాం. టెక్కలి ఆ కర్రలు ఆనించిన గోడల్ని చాలాసేపు చూసి, "ఈళ్ళకీ ఒక తిత్లీ వచ్చిందన్నమాట" అంది. చల్లగాలి. పావురాలు. ఎవరో ముసలాయన టీ అమ్ముతున్నాడు. మోమోలు తెచ్చుకున్నాం. "బఫ్" అంటే గేదెమాంసమని తెలుసుకున్న బొబ్బిలి ఒక్కో మోమోనీ విప్పి లోపల క్యాబేజీ ఉందో లేదో పరీక్ష పెట్టాకే నోట్లో వేసుకుంది. ఎవరికీ తొందర లేదు. ఏడయినా, ఎనిమిదయినా ఎవరూ లేచి పొయ్యి వెలిగించక్కర్లేదు. అంత ఖాళీ సాయంత్రం నా పెళ్ళయ్యాక అదే మొదటిది.

సాలూరు చెల్లెమ్మా, ఏం కారణం చెప్పమంటారని అడిగావు. బ్యాంకాక్ సంగతులు తెలుసుకోవడం కష్టం కాదు. 2023 నవంబరు నుంచి థాయ్‌లాండ్ మన వాళ్ళని వీసా లేకుండా రానిచ్చింది, అయితే ఈ నియమాలు మారుతుంటాయి, టికెట్టు కొనేముందు ఆ రోజు నియమం ఏమిటో చూసుకో. పాస్‌పోర్టుకి విశాఖపట్నం ఆఫీసు ఉంది. పాస్‌పోర్టు వచ్చాక నీ బీరువాలో పెట్టుకో. నలుగురిలో ఎవరి దగ్గర తక్కువ ఉందో వాళ్ళని ముందు అడిగి లెక్క వేసుకోండి. ఫోన్ సంగతి ఇక్కడే చూసుకుని బయల్దేరండి, మా లాగా కాకుండా. ఇవన్నీ చెప్పగలను. కారణం మాత్రం నేను రాసివ్వలేను. ఆ సాయంత్రం నాకు జరిగింది చెబుతాను.

ఫోన్ నా వంతు వచ్చింది. అత్తగారు ఎత్తారు. ఆవిడకి అప్పటికి ఎనభై నాలుగేళ్ళు. పుట్టిల్లు కళింగపట్నం దగ్గర పల్లె. ఆవిడ నాన్నగారు రంగం వెళ్ళి, 1941 డిసెంబరులో రంగూన్ మీద జపాన్ వాళ్ళు బాంబులేశాక మళ్ళీ కబురు లేని మనిషి. ఏడేళ్ళ పిల్లగా తల్లి చెయ్యి పట్టుకుని రేవుకి వెళ్ళి నిలబడేదాన్నని ఒకటి రెండుసార్లు చెప్పారు. ఎక్కువగా చెప్పరు.

"దర్శనం అయిందేటమ్మా?" అన్నారు.

అయిందని చెప్పేయొచ్చు. ఎలాగూ తెల్లారితే వెళ్తాం. నోటిదాకా వచ్చింది. నూట పదహార్లు ఇంకా నా చేతిసంచీలోనే, విడిగా మడిచి ఉన్నాయి.

"లేదత్తయ్యా. రేపు వెళ్తాం, మీ పేరున పూజ చేయిస్తాను. అసలు మేం వచ్చింది దానికోసం కాదు. ఊరికే చూసొద్దామని వచ్చాం. ఇప్పుడు కూడా ఊరికే మెట్ల మీద కూచున్నాం."

అవతల మాట లేదు. లైను కట్టయిందేమోనని ఫోన్ చూసుకున్నాను. నిమిషాలు కదులుతున్నాయి, పక్కన బొబ్బిలి ఎంత ఖర్చవుతోందోనని సైగలు చేస్తోంది.

"ఊరికే కూకున్నారా?" అన్నారు ఆఖరికి.

"అవునత్తయ్యా."

"నలుగురూనా?"

"నలుగురమూ."

ఇంకాసేపు ఆగి, గొంతు తగ్గించి, పక్కన ఎవరైనా వింటారేమోనన్నట్టు అడిగారు.

"అక్కడేటున్నాయే? సెప్పు."